చివర తెలిసిన పుస్తకాలే ఇచ్చే పెద్దమ్మ

మొన్న మా బిడ్డ బడి ఫోన్ గ్రూపులో ఒక బొమ్మ వచ్చింది. జిల్లా లైబ్రరీవాళ్లు పంపారట. ఎండాకాలం సెలవుల్లో పిల్లలు చదవాల్సిన పుస్తకాలని చెప్పి, రంగురంగుల అట్టలు వరుసగా పేర్చి, కింద పేర్లు రాశారు. కొత్తకోటలో రోడ్డు పక్కన మాది చిన్న టిఫిన్ సెంటర్. పొద్దటి గిరాకీ అయిపోయి, మరుసటి రోజు పిండికి మినప్పప్పు కడుగుతున్నాను. బిడ్డ ఫోను తెచ్చి నా ముక్కు ముందు పెట్టి, ఇందులో నాకు ఏది మంచిగుంటుందో చెప్పు అని అడిగింది.

చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. కానీ ఏది చెప్పను? ఆ బొమ్మ పంపినవాళ్లు పాపం నా బిడ్డ ముఖం చూడలేదు. పొద్దున ఏం తిన్నదో అడగలేదు. ముఖం చూసి, తిన్నది అడిగి, అప్పుడు బీరువా తెరిచి పుస్తకం తీసిచ్చే మనిషి ఒకామె ఉండేది. ఆమె గుర్తుకొచ్చేసరికి చేతిలో పప్పు చేతిలోనే ఉండిపోయింది.

అప్పుడు మేము కోస్గిలో ఉండేవాళ్లం. తెలంగాణ కోసం కొట్లాట నడుస్తున్న రోజులు. బస్టాండు దగ్గరి సందులో పెంకుల కప్పు లైబ్రరీ ఉండేది. దాని బోర్డు మీద రాష్ట్రం పేరు కనబడకుండా ఎవరో సున్నం పూశారు గానీ తెలంగాణ అని ఇంకా రాయలేదు. బోర్డులో సగం తెల్లగా, సగం అక్షరాలతో ఉండేది.

ఆ ఏడు కంది చేను పూతమీదే ఎండిపోయింది. చలికాలంలోనే అమ్మ, నాయిన పూనాకు పోయారు, బిల్డింగుల పనికి. తమ్ముడు చంటివాడని అమ్మ చంకలో వేసుకొని పోయింది. నాకు బడి ఉందని అవ్వ దగ్గర వదిలింది. నాది ఏడో తరగతి. మా బడిలో అంతవరకే ఉండేది. ఎనిమిదికి హైస్కూల్లో చేరాలి. బడులు మళ్లీ తెరిచే లోపల వస్తా, నేనే వచ్చి నిన్ను పెద్ద బడిలో చేర్పిస్తా అని అమ్మ బస్సు కిటికీలోంచి చెప్పింది. ఆ మాట పట్టుకొని ఎండాకాలంలోకి వచ్చి పడ్డాను.

పరీక్షలైపోయాక పగళ్లు ఎంత పొడుగో అప్పుడే తెలిసింది. మా వాడకట్టులో సగం ఇళ్లకు తాళాలు. నాతో ఆడుకునే పిల్లలు కూడా తల్లిదండ్రుల వెంట పోయారు. అవ్వ పొద్దున్నే రొట్టెలు చేసి, అంబలి కుండ మీద మూత పెట్టి, ఎవరి చేన్లోనో కంది కొయ్యలు ఏరడానికి పోయేది. వచ్చాక కొంగు పరుచుకొని గడప అవతలే పడుకునేది. ఆమెకు మాటలు తక్కువ. ఏమన్నా అడిగితే, మీ అమ్మ రానీ అనేది. గౌను చినిగినా అదే మాట, తల నొచ్చినా అదే మాట.

లైబ్రరీకి నేను పుస్తకాల కోసం పోలేదు. లోపల పైన ఒక ఫ్యాను, అరుగు మీద తడిగోనె చుట్టిన మట్టి రంజను ఉండేవి. ఆ రంజను నీళ్లకు పోయాను. గ్లాసు ముంచుతుంటే లోపలి నుంచి ఒక గొంతు వచ్చింది.

"నీళ్లకొచ్చినవా, పుస్తకానికొచ్చినవా?"

నీళ్లకు అన్నాను.

"తాగు. తాగినంక ఏం జేస్తవ్?"

ఏం లేదు అన్నాను.

"ఏం లేనోళ్లకే గీ పుస్తకాలు. లోపలికి రా."

ఆమె లైబ్రరీ అటెండరు. పొడుగు మనిషి, గంజి పెట్టిన నూలు చీర, నడుముకు తాళంచేతుల గుత్తి. అంతకుముందు ఆమె భర్త ఆ పని చేసేవాడట. ఆయన పోయాక ఆమెకిచ్చారు. పైన లైబ్రేరియన్ సారు ఉండేవాడు గానీ ఆయనకు ఇంకో ఊరి లైబ్రరీ కూడా అప్పజెప్పారు. ఎప్పుడో వచ్చి సంతకాలు పెట్టి పోయేవాడు. తాళం తీయడం, ఊడ్వడం, పేపర్లు బల్ల మీద పరచడం, చినిగిన పుస్తకాలకు అట్టలు అంటించడం, వచ్చినవాళ్లకు ఏది చదవాలో చెప్పడం, అన్నీ ఆమే. అందరూ ఆమెను పెద్దమ్మా అనేవారు.

ఆ మొదటి రోజు నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, పొద్దున ఏం తిన్నావని అడిగింది. రొట్టె, ఉల్లిగడ్డ కారం అని చెప్పాను. ఎవరు చేశారంటే అవ్వ అన్నాను. మరి అమ్మ ఏదంటే పూనా అన్నాను. ఇంక ఏమీ అడగలేదు. బీరువా తెరిచి, లోపల చేయి పెట్టి, వెతకకుండానే ఒక సన్నటి పుస్తకం తీసింది. అత్తగారి ఊరికని బయల్దేరి, దారి తప్పి ఎవరిదో పెళ్లిలో కూర్చొని, చదివింపులు కూడా రాయించుకొని వచ్చిన ఒక తిక్క అల్లుడి కథ అది. అక్కడే కూర్చొని చదువుతూ నవ్వాను. అమ్మ పూనా పోయాక నేను పైకి నవ్వడం అదే మొదలనుకుంటాను, నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

పుస్తకం ఇంటికి ఇవ్వాలంటే పెద్దవాళ్ల సంతకం కావాలి. అవ్వకు సంతకం రాదు. పెద్దమ్మ తన పూచీ మీదే ఇచ్చేది. కానీ ఆమె దగ్గర ఒక పద్ధతి ఉండేది. పిల్లలెవరైనా సరే, తీసుకపోయిన పుస్తకంలో కథ ఆమెకు చెప్పాకే ఇంకో పుస్తకం. ఆమెకు చదువు అంతగా రాదు. అట్ట మీది పేరు వేలు పెట్టి కూడబలుక్కునేది గానీ లోపలి పేజీల దాకా పోయేది కాదు. ఏ ఎండాకాలానికి ఆ ఎండాకాలం పిల్లలు చెప్పిన కథలతో ఆ బీరువాలో ఏముందో ఆమెకు తెలిసిపోయింది. ఆ తెలివితోనే పెద్దవాళ్లకూ తీసిచ్చేది. కుట్టు మిషను నేర్చుకునే ఒక అక్క వచ్చేది. ఆమెకు ఎప్పుడూ లావు నవలలే. చేతులు గుడ్డ మీద ఉన్నా మనసులో నడిచే కథ ఉండాలి ఆమెకు అని పెద్దమ్మ లెక్క. బస్సు కండక్టరు పని మానుకున్న తాత ఒకాయన రోజూ పొద్దున్నే వచ్చి పేపరు మొత్తం చదివేవాడు. ఆయనకు మాత్రం ఏ పుస్తకం ఇచ్చేది కాదు. అడిగితే, నీకు పోయినకాడల్లా టికెట్టు కొట్టిన కథలే శానా ఉన్నయి, ముందు అవి ఒడవనీ, అయిపోనీ అనేది. నిజానికి ఆయన ఆ బీరువాలో పుస్తకాలు చాలావరకు ఎప్పుడో చదివేశాడు.

మధ్యాహ్నాలు నేను కథ చెప్పేదాన్ని, ఆమె పని చేసుకుంటూ వినేది. చిన్న స్టవ్వు మీద మైదాపిండి గంజి కాచి, పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపేది. ఆ గంజి వాసన, తడిగోనె వాసన, పాత కాగితాల వాసన కలిసి ఒక వాసన. ఇప్పటికీ ఎక్కడన్నా మైదా ఉడుకుతుంటే నా ముక్కు ముందు కోస్గికి పోతుంది, తర్వాత నేను పోతాను.

చదవకుండా చదివామని చెప్పే పిల్లలు కూడా ఉండేవాళ్లు. నేనూ ఒకసారి చేశాను. ఈత పండ్లకు పోయి, పుస్తకం తెరవకుండా, బొమ్మలు చూసి కథ అల్లి చెప్పాను. ఆమె అంతా విని, మరి వాళ్లు ఏం వండుకున్నరు అని అడిగింది. ప్రతి కథకూ ఆమె అడిగే మాట అదే. పప్పు అన్నాను. చేపలు పట్టేటోళ్ల ఇంట్ల పప్పెవరు వండిండ్రే అని గంజి చేత్తోనే నా తల మీద మొట్టింది. జుట్టులో గంజి ఎండిపోయి, అవ్వ దువ్వలేక తిట్టింది. ఆ పుస్తకం అట్ట మీద వల బొమ్మ ఉందని అప్పుడు చూసుకున్నాను.

ఆదివారాలు అమ్మ ఫోను చేసేది. మాకు ఫోను లేదు. కిరాణా కొట్టు శెట్టి ఫోనుకు చేస్తే ఆయన కేకేసేవాడు. నేను ఉరికేదాన్ని. అవతల సిమెంటు కలిపే మిషను చప్పుడు, తమ్ముడి ఏడుపు. మంచిగున్నవా, తిన్నవా, అవ్వను సతాయించకు. అంతే. ఎప్పుడు వస్తావంటే, వస్తా బిడ్డా, బడి తెరిచే లోపల వస్తా అనేది. ప్రతిసారీ అదే మాట. అదే మాట కాబట్టే నమ్మేదాన్ని.

ఎండలు ముదిరేసరికి కింది వరసలోని పుస్తకాలన్నీ చదివేశాను. ఒకరోజు కుట్టు వేయాల్సిన చినిగిన పుస్తకాల కుప్పలో ఒకటి కనబడింది. మొదటి పేజీలోనే ఒక తల్లి చిన్నపిల్లను వాళ్ల మేనత్త ఇంట్లో విడిచి, పని వెతుక్కుంటూ పట్నం పోతుంది. అది ఇవ్వమన్నాను. పెద్దమ్మ ఇవ్వనంది.

"దాని సివరి పేజీలు లేవు. గా కథ ఎట్ల ఒడిసిందో నాకెవ్వరు జెప్పలే. సివర తెల్వని పుస్తకం నేనెవ్వరికి ఇయ్య."

ఎందుకని అడిగాను. ఎవరి ఇంట్లో ఏమున్నదో మనకేం తెలుసు, బాగలేనోళ్లకు ఏడిపించేది ఇస్తే ఎట్లా అంది. ముఖం చూసి ఇచ్చేది గదా, మరి పుస్తకం ముఖం కూడా ముందు తానే చూడాలి అని ఆమె ఉద్దేశం. నేను వదల్లేదు. చివర ఏమైందో నేను కనుక్కొని చెప్తా అన్నాను. చివరికి ఆమే వదిలి, పుస్తకం చేతికిచ్చింది.

ఆ పుస్తకం మా ఇంటి గడప దగ్గర కూర్చొని చదివాను. పిల్ల రోజూ సాయంత్రం బండ్లు ఆగే చోటికి పోయి నిలబడుతుంది. ఎడ్లబండ్లు పోతాయి, లారీలు వస్తాయి, పిల్ల గౌను పొట్టిదైపోతుంది, తల్లి రాదు. అట్లా పోయి పోయి, ఒక సాయంత్రం దూరం నుంచి ఎవరో ఆడమనిషి నడిచి వస్తూ ఉంటుంది. అక్కడితో పుస్తకం చినిగిపోయింది. ఆ తర్వాత వట్టి కుట్టుదారం. ఆ దారాన్ని వేలితో ఎన్నిసార్లు లాగానో. లాగితే ఏమన్నా వస్తుందన్నట్టు.

తెల్లారి పెద్దమ్మ దగ్గరికి పోయి కథంతా చెప్పాను. చివరికి వచ్చేసరికి ఆగలేదు. ఆ వచ్చేది తల్లేనని చెప్పాను. చేతిలో సంచి పారేసి పరుగెత్తుకొచ్చి పిల్లను ఎత్తుకుందని, పెద్దదైందని కూడా చూడకుండా ఎత్తుకుందని చెప్పాను. పెద్దమ్మ అట్టకు గంజి పూస్తూ వింటోంది.

"తల్లొచ్చినంక ఏం వండింది?"

"చింతచిగురు పప్పు" అన్నాను.

ఆమె చేయి ఒక్క ఘడియ ఆగింది. నా ముఖం చూసింది. మళ్లీ పూయసాగింది. మంచిది బిడ్డా, మంచిగ ఒడిసింది అంది.

ఆ రోజే దానికి కొత్త అట్ట వేసి, వాకిలి దగ్గరి బల్ల మీద పెట్టింది. ఎండాకాలం వచ్చినవాళ్లకు ఇవ్వాలనుకున్న పుస్తకాలు ఆ బల్ల మీద ఉండేవి. వచ్చినవాళ్లకు అది చూపించి, తీస్కపో, సివరికి తల్లొస్తది అని చెప్పేది. ఆ మాట వినబడ్డప్పుడల్లా నా కడుపులో చల్లగా ఉండేది. అందరికీ అదే చెప్తుంటే అది నిజమవుతున్నట్టు అనిపించేది.

కుట్టు మిషను అక్క దాన్ని తీసుకపోయి, కొన్నాళ్లకు తెచ్చి ఇచ్చింది. తల్లి వచ్చినట్టు ఇందులో ఎక్కడుంది పెద్దమ్మా, ఆడమనిషి నడిచి వస్తున్నదాకే ఉంది అంది. పెద్దమ్మ నా వైపు చూపించి, ఆ పిల్ల చెప్పింది అంది. కండక్టరు తాత పేపరు కిందికి దించి కళ్లద్దాల మీది నుంచి చూశాడు.

"గా పుస్తకమా? గది నేను సదివిన, నిండుగ ఉన్నప్పుడే. తల్లి రాదు. గా వచ్చేటామె వేరే ఊరామె, దారి అడుగుతది. పిల్ల దారి చూపిస్తది. అంతే, ఒడిసె."

నాకు చెవులు కాలిపోయాయి. అబద్ధం బయటపడ్డందుకు కాదు. నిజంగనే రాదా తాతా అని అడిగాను. ఆయన రాదనే అన్నాడు. అని, నా ముఖం చూశాడు. ఆయనకు మా నాయినా తెలుసు, మా అమ్మా తెలుసు. వాళ్లు ఎక్కిన బస్సూ తెలుసు. కళ్లద్దాలు తీసి పంచెకు తుడిచాడు.

"నేను సదివి శానా ఏండ్లాయె. మర్శిపోయిన్నేమో."

"మర్శిపోయినవ్" అంది పెద్దమ్మ. "పొద్దుగాల తిన్నది నీకు మాపటికి యాదికుండదు. నీ ఇంటామె నాకు జెప్పింది."

ఆయన పేపరు మళ్లీ పైకెత్తుకున్నాడు. పేపరు తలకిందులుగా ఉంది. అక్క నవ్వాపుకుంటూ ఇంకో నవల తీసుకొని పోయింది.

వాళ్లంతా పోయాక పెద్దమ్మ నా పక్కన బెంచీ మీద కూర్చుంది. ఎప్పుడూ అట్లా కూర్చునే మనిషి కాదు. పని లేకుండా ఆమె చేతులు చూడటం అదే మొదలు.

"చింతచిగురు అన్నప్పుడే నాకు సమజైంది బిడ్డా. పట్నం నుంచి నడిచి నడిచి వచ్చినామె, చెట్టెక్కి చిగురెప్పుడు కోసింది? అది మీ అమ్మ వండేది. నువ్వు జెప్పింది నీ కథ."

మరి అందరికీ ఎందుకు చెప్పావని అడిగాను.

"నాకు అదే మంచిగనిపిచ్చింది" అంది. లేచి, రంజనులో నీళ్లు పోయడానికి పోయింది.

ఆ తర్వాతి ఆదివారం ఫోను వచ్చింది. ఈసారి అమ్మ కాదు, నాయిన. నాతో మాట్లాడలేదు, అవ్వకు ఇవ్వమన్నాడు. అవ్వ ఫోను చెవికి కాకుండా నోటికి దగ్గరగా పెట్టుకొని, ఊ, ఊ అంటూ విన్నది. ఇంటికి వచ్చేదాకా ఏం చెప్పలేదు. పొయ్యి ముందు కూర్చున్నాక చెప్పింది. అమ్మ రాదు. మేస్త్రీ వదలడం లేదు. తమ్ముడు పాకుతున్నాడు, ఇసుక తింటున్నాడు, అమ్మ తట్ట మోస్తుంటే వాణ్ణి చూడటానికి మనిషి కావాలి. మన వాడకట్టువాళ్లు ఇంకో జట్టు పోతున్నారు, వాళ్ల వెంట నన్ను పంపమన్నారు.

బడి సంగతి ఏమన్నారవ్వా అని అడిగాను.

అవ్వ కట్టెలు ఎగదోసింది. మీ అమ్మనడుగు పోయినంక అంది. అడగాల్సిన పని లేదని నాకూ తెలిసింది, ఆమెకూ తెలుసు.

పోయే ముందు రోజు పుస్తకం అప్పజెప్పడానికి లైబ్రరీకి పోయాను. ఈసారి కథ చెప్పలేదు. పూనా పోతున్నా అన్నాను. పెద్దమ్మ చీపురు గోడకు ఆనించింది. అమ్మ వస్తుందా అని అడగలేదు, ఎన్నాళ్లకు వస్తావనీ అడగలేదు. నడుము నుంచి తాళాలు తీసి బీరువా తెరిచింది. ఎప్పుడూ వెతకకుండా చేయి పెట్టే మనిషి, ఆ రోజు ఒక్కొక్క పుస్తకం తీసి, అట్ట మీది పేరు కూడబలుక్కొని, తల అడ్డంగా ఊపి మళ్లీ పెట్టింది. పై వరస చూసింది, కింది వరస చూసింది. బల్ల మీదివి చూసింది. తిక్క అల్లుడి పుస్తకం చేతిలోకి తీసుకొని, కొంచెంసేపు పట్టుకొని, అది కూడా పెట్టేసింది. నేను వాకిలి దగ్గర నిలబడే ఉన్నాను. ఏదో ఒకటి ఇస్తే చాలు, ఏదైనా తీసుకపోదామని ఉంది నాకు.

చివరికి ఆమె బీరువా మూసి తాళం వేసింది.

"నీకే పుస్తకం ఇయ్యాల్నో నాకు తెలుస్తలేదు బిడ్డా."

ఆమె రంజనులో నీళ్లు ముంచి ఇస్తే తాగి వచ్చేశాను. ఆమెను మళ్లీ చూడలేదు. కొన్నేళ్లకు కోస్గికి పోయేసరికి ఆ సందులో దుకాణాల వరస లేచింది. లైబ్రరీ వేరే చోటికి మారింది. అక్కడ కొత్త మనుషులున్నారు. పెద్దమ్మ ఎక్కడుందని అడిగితే, ఏ పెద్దమ్మ అన్నారు. మా అవ్వ కూడా అప్పటికి లేదు.

పూనాలో బస్సు దిగినప్పుడు తెల్లవారి ఇంకా ఎక్కువసేపు కాలేదు. ఎక్కడ చూసినా ఇనుప చువ్వలు, సగం లేచిన గోడలు. వెంట వచ్చినవాళ్లు ఎవరి మూటలు వాళ్లు దించుకుంటున్నారు. దూరం నుంచి అమ్మ వస్తూ కనబడింది. తల మీద గుడ్డ చుట్టు, చంకలో తమ్ముడు, కాళ్లకు సిమెంటు. దారి పొడుగునా నేను ఆ రావడాన్నే చూసుకుంటూ వచ్చాను. పరుగెత్తి వస్తుందని, ఎత్తుకుంటుందని. ఆమె పరుగెత్తలేదు. పని మొదలయ్యే వేళైంది. దగ్గరికి వచ్చి, నా ముఖం రెండు చేతులా పట్టుకోవాలనుకుంది గానీ చంకలో పిల్లవాడున్నాడు.

"ఎంత పొడుగైనవే" అంది.

అని, తమ్ముణ్ణి నా చంకకు మార్చింది. వాడు కొత్త ముఖం చూసి ఏడుపు అందుకున్నాడు. నా మూట తాను నెత్తికెత్తుకొని ముందు నడిచింది. నేను వాణ్ణి ఊరుకోబెడుతూ వెనక నడిచాను. ఆ రోజు నుంచి వాణ్ణి సముదాయించడానికి కథలు చెప్పడం మొదలుపెట్టాను. మళ్లీ బడి మొహం చూడలేదు.

అమ్మ రాలేదనీ కాదు, వచ్చిందనీ కాదు. నేనే పోయాను. తాత చదివిన కథలోనూ అట్లా లేదు, నేను చెప్పిన కథలోనూ లేదు. ఎవరైనా ఎప్పుడైనా ఇట్లా ముగిసే పుస్తకం రాసి ఉంటే, దాని కథ పెద్దమ్మకు చెప్పి ఉంటే, అంతా విని, ఏం వండుకున్నరని కూడా అడిగి, ఆ పుస్తకాన్ని ఆమె ఎవరి ముఖం చూసి ఎవరికి తీసిచ్చేదో అని అనుకుంటాను.